జవాబు వస్తాందా?

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తల్లో, ప్రొద్దుటూరులో మా ఇంటికి షేపింగు మిషను వచ్చింది. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. అయితే మా వీధిలో రాజధాని గురించి ఒక పూట మాట్లాడుకున్నారు, మిషను గురించి నెల రోజులు మాట్లాడుకున్నారు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఇంటరు రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక ఇంట్లో ఉన్నాను. ఆవులను పెద్దమ్మ వాళ్ల ఊరికి తోలేశాక కొట్టం ఖాళీగా ఉంది. జమ్మలమడుగులో మూతపడిన పత్తి మిల్లు ఒకదాని సామాన్లు వేలం వేస్తున్నారని విని, మామ నన్ను వెంటబెట్టుకుని పోయి, నా చేత పాట పాడించి ఈ మిషను ఇప్పించాడు. గోనెపట్టాలు కప్పి ఎద్దుల బండి మీద తెస్తుంటే, ఎవరో పెండ్లికూతురు వస్తోందని ఎదురింటామె వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. పట్టా తీసి చూపించాక చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

మామ అంటే మేనమామ కాదు. మా వీధి చివర మసీదు పక్కన ఉండే సాయిబు, చనిపోయిన మా నాయనకు స్నేహితుడు. మద్రాసులో ఒక వర్క్‌షాపులో పదిహేనేళ్లు షేపరు మీదే పనిచేసి వచ్చినవాడు. ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి. ఆయనకు కూతుళ్లు లేరు కాబట్టి ఆ వరస వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

షేపరు అంటే పెద్ద మాయ ఏమీ కాదు. వడ్రంగి చెక్కకు చిత్రిక పట్టడం చూసే ఉంటారు. అదే పని ఇనుము మీద. బారెడు ఇనుప మొద్దు ఒకటి మోటారు బెల్టుతో ముందుకూ వెనక్కూ ఆడుతుంటుంది. దాని మూతికి టూలు. ముందుకు పోయేటప్పుడు ఇనుమును ఒక చార చెక్కుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు ఊరకే వస్తుంది. ఆ ఊరకే రావడంలోనే ఉంది కిటుకంతా. టూలును పట్టుకున్న బిళ్ల పైన కీలు మీద వేలాడుతుంటుంది, తలుపు రెక్క మాదిరి. వెనక్కి వచ్చేటప్పుడు ఆ బిళ్ల కొంచెం లేచి, చెక్కిన చోటును టూలు రాసుకోకుండా కాపాడి, చివర ‘టక్’మని తిరిగి కూర్చుంటుంది. ఆ టక్కును మామ జవాబు అనేవాడు.

“పొయ్యేటప్పుడు అడుగుతాది, వచ్చేటప్పుడు జవాబు చెప్తాది. జవాబు రాల్యాదంటే టూలు నీ పనిని నాకతాండాదని అర్థం అల్లుడా.”

అయితే మద్రాసు సమ్మెటల పుణ్యాన మామకు చెవులు మందగించాయి. చెవుడు అనకూడదు, కోపం వస్తుంది. “కొంచెం దూరం” అనాలి. టక్కు ఆయనకు అందనంత దూరంలో ఉండేది. అందుకని ఆయన చేతులు, నా చెవులు కలిపి మా కొట్టంలో ఒక పూర్తి పనివాడు తయారయ్యాడు. మిషను ఆడుతున్నంత సేపూ తల ఎత్తకుండా అడిగేవాడు:

“జవాబు వస్తాందా అల్లుడా?”

“వస్తాంది మామా.”

రోజుకు యాభై సార్లు. బీఏ దాకా చదివినా ఇంత సులువైన ఉద్యోగం దొరికేది కాదు.

మిగతా పని కూడా నేర్పించాడు, అబద్ధం ఎందుకు. పోత ఇనుముకు నూనె పడదు, పొడిగానే చెక్కాలి. సాయంత్రానికి ముఖమంతా కాటుక పెట్టుకున్నట్టు నల్లటి పొడి. టూలును సానచక్రం మీద పట్టి, నీళ్లలో ముంచి, మళ్లీ పట్టి, అంచును గోటి మీద ఆనించి చూడాలి. జారితే మొండి, పట్టుకుంటే పదును. ఆఖరి చెక్కుడుకు మామ దగ్గర మెడ వెనక్కి వంచిన టూలు ఒకటి ఉండేది. దాన్ని కొంగ అనేవాడు. ఇనుములో గట్టి చోటు తగిలితే కొంగ మెడ కొంచెం వెనక్కి ఊగుతుంది తప్ప లోపలికి దిగబడదు. చెక్కడం అయిపోయాక మామ కండ్లు మూసుకుని చూపుడువేలు ఒకసారి దాని మీద నడిపించేవాడు. వెంట్రుక మందం మిట్ట ఉన్నా వేలు ఆగేది.

కండ్లు తెరిచి చూసినా పెద్ద లాభం ఉండేది కాదనుకోండి. దగ్గరి చూపు తగ్గింది. జమ్మలమడుగులో గాజుల అంగడి పెట్టుకున్న ఆయన కొడుకు నెలకొకసారి వచ్చి, మా కొట్టం గుంజకు ఆనుకుని ఒకే పాట పాడేవాడు.

“చాలు అబ్బా. కండ్లు ఆనవు, చెవులు ఇనపడవు. వచ్చి అంగట్లో కూర్చో.”

“చెయ్యుండాది గదా.”

“చెయ్యి గూడా పొయ్యేదాంక జేస్తావా?”

“ఒక్క పని చెడనీరా. ఆ పొద్దే దిగిపోతా. అల్లుడే సాక్షి.”

నేను రెండు చేతులూ ఎత్తి సాక్షి ప్రమాణం చేసి ఇద్దర్నీ నవ్వించాను. అప్పటికి అది నవ్వులాటే.

దసరాకు ముందు పులివెందుల నుంచి కాయ మిల్లు యజమాని వచ్చాడు. చెనక్కాయలు కొట్టే మిషనులో ఒక దిమ్మె పగిలిపోయింది. మద్రాసు నుంచి కొత్త పోత తెప్పించి, గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాన్ని చదును చేసి, నడిమధ్య గాడి కొయ్యాలి. ఆ గాడిలో ఇంకో ముక్క బిగుతుగా జారాలి. కొత్త కాయలు రాకముందే కావాలి. మామ గాడి కోశాడు, పైభాగం ముతకగా చెక్కాడు, ఆఖరి చెక్కుడుకు కొంగను బిగించి సిద్ధం చేశాడు. అంతలో పండగ వచ్చింది. దిమ్మె మిషను మీదే, కొంగ దాని పైనే, అట్లాగే వదిలేశాం.

ఆయుధపూజ నాడు మా అమ్మ పసుపు గిన్నె చేతికిచ్చి, మిషనుకు బొట్టు పెట్టి రమ్మంది. ఒక్క బొట్టు. నేను ఎప్పుడైనా చెప్పిన మాట చెప్పినట్టు చేశానా?

నీళ్లలో కలిపిన పసుపు ఇనుము మీద నిలవడం లేదు, జారిపోతోంది. పక్కింట్లో మగ్గాల వాళ్లు పడుగుకు పెట్టే గంజి కుండలో మిగిలి ఉంది. దాంట్లో కలిపాను. ఎంత బాగా పట్టుకుందో! మిషను మూతి మీద రెండు కండ్లు దిద్దాను, మీసం దిద్దాను. బిళ్ల ఉన్నచోట పెద్ద నోరు వేసి, బిళ్లకూ, అది కూర్చునే పెట్టెకూ మధ్యనున్న సందు పొడుగునా వరసగా పండ్లు పెట్టాను. వీధి వీధంతా వచ్చి చూసింది. ఓళిగలు తినడానికి వచ్చిన మామ కూడా దగ్గరికి పోయి చూసి పడీ పడీ నవ్వాడు.

“అచ్చం నీ మాదిరే ఉండాది అల్లుడా. పని లేకపోయినా పండ్లు ఇకిలిస్తాండాది.”

పండగ వెళ్లిన మరునాడు తడిగుడ్డతో ముఖం తుడిచేశాను. పైపైన. దండేనికి ఆరేసిన పడుగు, గంజి పట్టించాక పలకలాగా ఎట్లా బిగుసుకుంటుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. అయినా నాకు తట్టలేదు.

ఆ పొద్దే మిల్లు యజమాని దిమ్మె తీసుకుపోవడానికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. కొట్టానికీ వాకిలికీ నడుమ గుమ్మంలో నేను. మామ బెల్టు వేశాడు. నేను యజమానికి అమ్మవారి ఊరేగింపులో పులివేషగాడి తోక పట్టుకుని మా వీధి కుక్క చేసిన యుద్ధం గురించి చెబుతున్నాను. మంచి కథ. తోకను ఇంకా పొడుగు చేస్తున్నాను.

“జవాబు వస్తాందా అల్లుడా?”

“వస్తాంది మామా.”

కుక్క తోకను వదల్లేదు.

“వస్తాందా?”

“వస్తాంది మామా.”

పులి చెట్టెక్కింది.

“అల్లుడా, జవాబు?”

“వస్తాందంటి గదా మామా!” అని, వెనక్కి తిరగను కూడా తిరగకుండా, పులిని చెట్టు దించాను.

యజమాని నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంటుండగా మోటారు ఆగింది. మామ వేలు దిమ్మె మీద నడిపించి చూస్తున్నాడు. వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి నడిపించాడు, మళ్లీ ఆగింది. దగ్గరికి పోయి చూశాను. పైన నిలువునా గీతలు, పిల్లి రక్కినట్టు. కొంగ ముక్కు విరిగింది. గాడి అంచు పెచ్చు లేచిపోయింది. కొలత ప్రకారం అదే ఆఖరి చెక్కుడు. ఇంకొకసారి చెక్కి సరిచేద్దామంటే అక్కడ ఇనుము మిగల్లేదు.

మామ యజమాని వైపు తిరిగి, “చెడిపోయినాదప్పా, నాదే తప్పు” అన్నాడు. చేతులు కడుక్కున్నాడు. టూళ్లు పెట్టుకునే బిస్కత్తు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

“నువ్వుంచుకో అల్లుడా. చెయ్యి పోయింది.”

నేను వినకుండానే ‘వస్తాంది’ అన్న సంగతి నా గొంతులోనే ఉంది. ఒక్క మాట. నాకు మాటలకు కరువు వచ్చిన రోజు నా జీవితంలో అదొక్కటే.

రెండు రోజులకు మామ జమ్మలమడుగు వెళ్లిపోయాడు, గాజుల అంగట్లో కూర్చోవడానికి. ఆ సాయంత్రం కొంగను విప్పుదామని బిళ్లను వేలితో ఎత్తబోతే లేవలేదు. చిన్న సుత్తితో తట్టాను. పెళుక్కుమని విడింది. కీలు నుంచి కింది దాకా సందంతా పసుపు, గట్టి పెచ్చుగా. నేను దిద్దిన పండ్లే.

మిషను జవాబు చెప్పకపోవడం కాదు, దాని నోటికి నేనే గంజి పోసి మూశాను. మూసినవాణ్ణి, జవాబు వస్తోందని కూడా నేనే చెప్పాను. ఈ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరు.

తరువాత చేసింది ఇంకా ఉంది.

చెడిపోయిన పనికి సంజాయిషీ చెప్పుకోవాలి కదా అని వారం తరువాత పులివెందుల పోయాను. మిల్లు వసారాలో యజమాని, ఇంకో ఐదారుగురు కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారు.

“ఏమప్పా, మీ సాయిబుకు కండ్లు పూర్తిగా పోయినాయంట గదా?” అన్నాడు యజమాని.

అక్కడ చెప్పేయవచ్చు. చెప్పాలనే పోయాను. కానీ ఐదారుగురు నా నోటి వైపు చూస్తున్నారు, పులి కథ చెప్పినవాడు వీడేనని యజమాని ముందే చెప్పినట్టున్నాడు. నా నోరు దాని అలవాటు అది చూసుకుంది.

“యాడికి పోతాయిలేన్నా, ఉండాయి. మొన్న మా కొట్టంలో గుంజకు సలాం కొట్టి, నన్ను గుంజనుకోని ఎద్దును కట్టేసినాడు.”

కాయలు చేతుల్లోంచి జారిపోయేటట్టు నవ్వారు. చెప్పకూడదు గానీ, బాగా కుదిరింది ఆ మాట. మా కొట్టంలో ఎద్దు లేనేలేదు. ఎద్దు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఆ హాస్యం నాకంటే ముందు బస్సెక్కింది. వేంపల్లె సంతలో చెప్పుకున్నారట. ప్రొద్దుటూరులో మా క్షురకుడు నాకే చెప్పాడు, కొత్తదని.

మామతో నిజం చెప్పాలని జమ్మలమడుగు వెళ్లాను. అంగడి ముందు నిలబడ్డాను. ఆయన ముందున్న పీట మీద ఒకామె కూర్చుని చెయ్యి చాపింది. ఆయన ఆమె చెయ్యి వైపు చూడనే లేదు. వీధిలోకి చూస్తూ, పిడికిలి ఎముకలను వేళ్లతో మెల్లగా నొక్కుతూ, వేలెడు సందులో గాజు మీద గాజు ఎక్కించాడు. ఒక్కటి పగల్లేదు. కొలత లేదు, తడుములాట లేదు. పోయిన చెయ్యి అట్లా ఉంటుందా?

నన్ను చూసి, “ఏం గావాలప్పా?” అన్నాడు. అల్లుడా అనలేదు.

“మా యమ్మకు గాజులు మామా,” అన్నాను.

రెండోసారి పోయి ఇంకో డజను తెచ్చాను. మా అమ్మకు ఉన్నవి రెండు చేతులే. నాయన పోయినప్పటి నుంచి ఆమె గాజులు వేసుకోదు కూడా. ఆ సంగతి అంగట్లో నిలబడ్డ నాకు గుర్తురాలేదు, ఇచ్చిన మామకు గుర్తుండే ఉంటుంది. అమ్మ ఆ రెండు డజన్లూ ముందేసుకుని కూర్చుంది.

“ఎవురి పిల్లరా?”

“ఎవురూ లేరుమా.”

“జమ్మలమడుగు పిల్లనా? ఏ ఇంటోళ్లు? చెప్పురా, నేనేమంటా?”

పెండ్లి సంబంధం దాకా పోయేటట్టుందని భయపడి అమ్మకు నిజం చెప్పేశాను. ఆమె గాజులు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. “ఇచ్చేసి రా. ఇదే మాట ఆయనకు జెప్పు,” అంది. అన్నం కూడా పెట్టలేదు ఆ పూట.

మూడోసారి, గాజుల పొట్లమూ బిళ్లా సంచిలో వేసుకుని పోయాను. అంగట్లో మామ ఒక్కడే ఉన్నాడు. చెవి దగ్గర కూర్చుని, గంజి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. బిళ్ల చేతికిచ్చాను. సందులో మిగిలిన పసుపును గోటితో గీరాడు, వాసన చూశాడు. 

“పసుపుదేముంది, పండగ. గంజి నీ తెలివి. అదీ పోనీ,” అన్నాడు. “నేను అడిగితి గదా?”

“అడిగినావు మామా.”

“మూడుసార్లు అడిగితి.”

“ఔ.”

“ఇన్న్యావా?”

“ఇనలా.”

“ఇనకుండానే వస్తాందంటివి.”

“అంటి.”

గాజుల పెట్టె మూత మూశాడు. తిరిగి తెరిచాడు. అందులో సర్దడానికేమీ లేదు.

“గుంజకు సలాం కొట్టినానంట గదా?”

నేను గాజుల పొట్లం తీసి ఆయన ముందుకు జరిపాను.

“బాగుండాది,” అన్నాడు. “మా మనవడు గూడా నవ్వినాడు.”

ఆయన తిట్టి ఉంటే ఏదో ఒకటి తిరిగి అని తప్పించుకునేవాణ్ణి. 

“ఈడ జెప్తే ఏమొస్తాదప్పా? ఇది గాజులంగడి. యాడ నవ్వించినావో ఆడ జెప్పు,” అని చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఇద్దరం పులివెందుల బస్సెక్కాం. మిల్లు వసారాలో దాదాపు వాళ్లే ఉన్నారు. మామను చూసి ఒకతను గుంజ వైపు చూపించి పక్కవాణ్ణి గిల్లాడు. నేను నిలబడి చెప్పడం మొదలుపెట్టాను: మిషనుకు మీసం, మీసం కింద పండ్లు, పండ్లకు గంజి. మీసం దగ్గరే నవ్వు అందుకున్నారు. “కాదన్నా, నిజం,” అన్నాను. ఇంకా నవ్వారు. “అమ్మ తోడు,” అంటే యజమాని కడుపు పట్టుకున్నాడు. అన్నేళ్లుగా సంపాదించుకున్న పేరు కదా, అవసరానికి ఎక్కడికి పోతుంది? నేను ఏడ్చినా అభినయం బాగుందనేవాళ్లు.

సంచిలోంచి బిళ్ల తీసి యజమాని చేతిలో పెట్టాను. ఆయన సందులో గోరు పెట్టి గీరి, ఆ పొడిని వేలి మీద చూసుకున్నాడు. “పసుపే,” అన్నాడు. పక్కవాడికిచ్చాడు. అది చేతులు మారేకొద్దీ నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోతూ వచ్చింది.

“చెయ్యి ఆయనది మంచిదేన్నా. నోరే నాది,” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

“ఇంకో పోత తెప్పిస్తాండా సాయిబూ. జేస్తావా?”

“ఆఁ?”

“జేస్తావా అంటాండా!”

“జేస్తా.”

తిరుగు ప్రయాణంలో ముద్దనూరు దగ్గర బస్సు ఆగితే మామ బొరుగులు కొన్నాడు. పొట్లం విప్పి సగం నా ఒళ్లో పోశాడు. ప్రొద్దుటూరులో నాతోపాటే దిగాడు.

కొత్త పోత వచ్చిన రోజు మామ మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి తెచ్చుకున్నాడు. బెల్టు వేశాక దాని మొన మిషను ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు నొక్కిపెట్టుకున్నాడు. ఇనుము గుండా, ఎముక గుండా టక్కు ఆయనకు నేరుగా అందుతోంది. మద్రాసులో నేర్చిన పద్ధతేనట. మరి ఇన్నాళ్లూ ఎందుకు వాడలేదని నేను అడగలేదు. ఇన్నాళ్లూ నేనుంటిని.

దిమ్మె అద్దంలాగా వచ్చింది. వేలు ఎక్కడా ఆగలేదు.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. మామ రోజూ వస్తున్నాడు. నన్ను మళ్లీ అల్లుడా అంటున్నాడు కూడా, ఎక్కువగా టీ తెమ్మన్నప్పుడు. నేను గుమ్మంలో నిలబడి ప్రతి టక్కూ వింటున్నాను. ఇప్పుడు ఎవరూ అడగకపోయినా వింటున్నాను.

మొన్న దసరాకు అమ్మ పసుపు గిన్నె ఇస్తే, మామ దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. “మిషనుకొద్దు,” అని, రెండు వేళ్లతో పసుపు తీసి నా పెదవుల మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. అమ్మ నవ్వింది, ఆయనా నవ్వాడు, పక్కింటి మగ్గాల వాళ్లంతా వచ్చి చూసి నవ్వారు. నేను కూడా నవ్వాను. నోరు తెరవకుండా ఎంత నవ్వగలమో అంత.

పండగ వెళ్లిన మరునాడు బెల్టు వేసి, మామ ఒకసారి నా వైపు తిరిగాడు. అడుగుతాడేమో అనుకున్నాను. గోడ దగ్గరున్న స్క్రూడ్రైవరు అందివ్వమన్నాడు. అందించాను.